మౌనం అర్ధాంగీకారమైతే మిగతా సగం ఎవరిది?

ప్రశ్న:
పొగాకు నివారణ కార్యక్రమంలో భాగంగా పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లల చేత ఒక ప్రశ్నావళి నింపించాలి. ‘సమ్మతమైతే సంతకం చేసి పంపండి’ అంటూ 212 ఇళ్లకు పత్రాలు పంపాను. సంతకంతో వచ్చినవి 97. వద్దన్నవారు ఆరుగురు. మిగిలిన 109 ఇళ్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. ‘వద్దన్న ఆరుగురినీ పక్కన పెట్టి అందరికీ ఇచ్చేద్దాం, వద్దనకపోతే ఒప్పుకున్నట్టే, దీన్నే పాసివ్ కన్సెంట్ అంటారు’ అని మా బృందంలో ఒకరు పట్టుబడుతున్నారు. నాకు మనసొప్పడం లేదు.

జవాబు 1:
మనసొప్పకపోవడమే సరైనది. పాసివ్ కన్సెంట్ ఉన్న మాట నిజమే. అయితే ‘ఇష్టం లేకపోతే ఫలానా తేదీలోగా తెలపండి’ అని మొదటి ఉత్తరంలోనే ఉండాలి. మీరు సంతకం అడిగారు, కాబట్టి అది యాక్టివ్ కన్సెంట్. ఆట మధ్యలో నియమం మార్చకూడదు. మార్చక తప్పదనుకుంటే పరిశోధనల నైతికతను పరిశీలించే ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని కొత్త ఉత్తరం పంపాలి.

జవాబు 2:
మీ సహచరుడి బాధ కూడా అర్థం చేసుకోండి. సంతకాలు వచ్చిన పిల్లలతోనే సర్వే ముగిస్తే, పొగ తాగే పిల్లలే ఎక్కువగా జారిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు సమస్య ఉన్నదానికంటే చిన్నదిగా కనిపిస్తుంది. ఫోను చేయండి, పత్రం మళ్లీ పంపండి. అవునన్నా కాదన్నా సరే, పత్రం తిరిగి తెచ్చిన ప్రతి విద్యార్థికీ ఒక పెన్సిల్ ఇవ్వండి.

జవాబు 3:
పిల్లల మాట ఎవరూ ఎత్తలేదేం? వాళ్ల ఒప్పుదలను అసెంట్ అంటారు. ఒకసారి ఒక అబ్బాయి పెన్ను మూత తీయకుండా కూర్చున్నాడు. వాళ్లమ్మ సంతకం నా చేతిలోనే ఉంది. అయినా కాగితం వెనక్కి తీసుకున్నాను. ఇంకొకటి: పొగాకు నివారణ పాఠానికి కూర్చోవడం వేరు, ప్రశ్నావళిలో సమాచారం ఇవ్వడం వేరు. సమ్మతి పత్రంలో రెండింటికీ విడివిడిగా గడులు పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
ఈ రోజు ఇరవై ఇళ్లకు ఫోను చేశాను. పదకొండు మంది ఆ పత్రాన్ని చూడనే లేదు! ‘మా అమ్మాయి పేరు రాయించరు కదా?’ అని ఒక తల్లి అడిగారు. రాయించం. ఆ ముక్క రెండో పేజీ అడుగున పెట్టింది నేనే. కొత్త పత్రంలో అదే మొదటి వాక్యం.