పాత గిగ్ టేపులు నెట్‌లో పెట్టాలంటే ఎవరిని అడగాలి?

దిల్‌సుఖ్‌నగర్ డ్రమ్స్: 2005–09 మధ్య హైదరాబాద్ కాలేజీ ఫెస్టుల్లో మన రాక్ బ్యాండ్లను తీసిన మినీ డీవీ క్యాసెట్లు నా దగ్గర 14 ఉన్నాయి. రెండింటికి బూజు పట్టేసింది. అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టేద్దామని ఉంది. 2014 సెప్టెంబరు 30న మనమంతా కబుర్లాడుకున్న గూగుల్ వాళ్ళ సైటు ఆర్కుట్ మూసేశారు, మన ముచ్చట్లన్నీ పోయాయి. డెమోలు పాటలు పెట్టుకునే సైటు మైస్పేస్‌లో భద్రంగా ఉన్నాయిలే అనుకుంటే, సర్వర్లు మార్చేటప్పుడు పాత పాటలు పోయాయని 2019లో బయటపడింది.

లెక్కల మాస్టారు: ఆర్కుట్ ఆ రోజే పోలేదు. ఫొటోలు 2016 సెప్టెంబరు దాకా దింపుకోనిచ్చారు. దింపుకోనిది మీరు.

సెకండ్ గిటార్: నేనున్న టేపులు పెట్టొద్దు. కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ చదువు. వాయించినవాడికి 50 ఏళ్ళ హక్కుంది.

దిల్‌సుఖ్‌నగర్ డ్రమ్స్: మీరు వాయించినవన్నీ ఇంగ్లిష్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ పాటల కవర్లే కదన్నా! హక్కులేంటి?

సెకండ్ గిటార్: పాట ఎవరిదైనా, వాయించింది నేను. ఫెస్టుకి అద్దె ఆంప్ డబ్బులు కట్టిందీ నేనే. పోస్టర్ మీద మాత్రం పేరు లేదు.

లెక్కల మాస్టారు: ఫొటోల సంగతికి ఎవరూ జవాబు చెప్పలేదు.

మోష్‌పిట్ మామ: 2007 మార్చి 17న మెయిడెన్ షోకి కాచిగూడ నుంచి బెంగళూరు వెళ్ళిన బ్యాచ్ ఎవరైనా ఉన్నారా? నా టికెట్ ముక్క ఇంకా దాచుకున్నా.

దిల్‌సుఖ్‌నగర్ డ్రమ్స్: అన్నా, పదేళ్ళుగా ఈ టేపులు నా బీరువాలో ఉన్నాయి. ఒక్కరూ అడగలేదు. ఇప్పుడు సెక్షన్లు చెప్తున్నారు. మీకు పాత బాధ ఏదో ఉంది, అది చెప్పండి.

సెకండ్ గిటార్: ఉంది. ఒక ఫెస్టులో నేను రాసిన తెలుగు పాట ఎత్తుకున్నాను. ముందు వరుస నుంచి "తెలుగులో రాకేంట్రా, దిగు" అని అరిచారు. రెండో చరణం దాకా కూడా పోలేదు. ఆ తర్వాత తెలుగులో ఒక్క ముక్క రాయలేదు. అరిచింది నువ్వే.

మోష్‌పిట్ మామ: అమ్మో.

దిల్‌సుఖ్‌నగర్ డ్రమ్స్: నాకు 19 ఏళ్ళన్నా అప్పుడు. అది తొమ్మిదో క్యాసెట్. పాట ఉంచుతా, ఆ అరుపులు కట్ చేస్తా.

సెకండ్ గిటార్: కట్ చేయొద్దు. పెడితే అది మొత్తం పెట్టు. మిగతా 13 నీ ఇష్టం.

దిల్‌సుఖ్‌నగర్ డ్రమ్స్: అందులో నా మొహం కూడా పడిందన్నా. మా ఆఫీసులో అందరూ తెలుగువాళ్ళే.

లెక్కల మాస్టారు: బూజు పట్టినవి రెండు పోతే మిగిలేవి 12.