అప్‌డేట్: డెన్వర్‌లో తమ్ముడికి స్మోకర్ కొనేశాం

అమెరికాలో డెన్వర్‌లో ఉంటున్న తమ్ముడికి మాంసం పొగబెట్టే స్మోకర్ గ్యాస్‌దా, బొగ్గుదా, కరెంటుదా అని గుంటూరు నుంచి అడిగింది నేనే. అందరికీ థాంక్స్. కరెంటుదే కొన్నాడు. ఆ ఊరు దాదాపు 1,600 మీటర్ల ఎత్తులో ఉంది, గాలి పలచన. గ్యాస్ మంటకి ఆక్సిజన్ చాలక మసి పడుతుందని, కాయిల్‌కి ఆ బాధ లేదని ఒకరు చెప్పారు. షాపువాడూ అదే అన్నాడట.

మాంసం మాత్రం మొదట్లో ఎండిపోయింది. అక్కడ నీళ్లు 95 డిగ్రీలకే మరుగుతాయి, గాలీ పొడి. సగంలో ఫాయిల్ చుట్టమన్న సలహాతో దారికొచ్చింది. టైమ్ లెక్క మానేసి, థర్మామీటర్ గుచ్చి లోపల 93 డిగ్రీలు వచ్చాకే దించుతున్నాడు. మేక జబ్బ, మన కారం పట్టించి, అదిరిందట (నాకు ఫొటోలే!).

ఇక పొగ కోసం ఏ కట్టె ముక్కలు వాడాలన్న చర్చకి ఎత్తుతో సంబంధమే లేదు.