3 కిలోవాట్ల సోలార్‌కి ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు మనమే పెట్టుకోవాలా?

తెనాలి_కోడలు:
అందరికీ నమస్కారం. తెనాలిలో సొంతిల్లు, డాబా మీద నీడ పడదు. మీటరు మామగారి పేరున ఉంది, శాంక్షన్డ్ లోడ్ (డిస్కమ్, అంటే కరెంటు పంపిణీ కంపెనీ, మా మీటరుకి మంజూరు చేసిన సామర్థ్యం) 2 కిలోవాట్లు. నెలకి 340 యూనిట్ల దాకా కాలుతున్నాయి. పీఎం సూర్యఘర్ (ఇంటి సోలార్‌కి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం) కింద 3 కిలోవాట్ల సోలార్ పెట్టిద్దామని ఒక వెండర్‌ని పిలిచాం. ఆయన డాబా ఎక్కి చూసి, "మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఫుల్ అయిపోయిందమ్మా, ఫీజిబిలిటీ, అంటే మీ లైను సోలార్‌ని తట్టుకుంటుందన్న రిపోర్టు, రాదు. పై ఖర్చు పెట్టుకుంటే నేను చూసుకుంటా" అన్నారు. లోడ్ పెంచడానికి వేరే, ట్రాన్స్‌ఫార్మర్‌కి వేరే అట. రసీదు ఇస్తారా అంటే నవ్వి ఊరుకున్నారు. 78 వేలు సబ్సిడీ వస్తోంది కదా, అందులో పోయిందనుకుందాం అంటున్నారు మావారు. నాకు మనసొప్పడం లేదు. నిజంగా ఇవి మనం కట్టాల్సినవేనా? ఇంకోటి, సోలార్ ఉంటే కరెంటు పోయినా ఫ్యాన్లు తిరుగుతాయి కదా?

గాజువాక_శ్రీను:
మేమైతే అడిగింది ఇచ్చేశామండీ, పని తొందరగా అయిపోయింది. రూల్స్ పట్టుకుని కూర్చుంటే ఎండాకాలం దాటిపోతుంది.

పాత_ఏఈ:
శ్రీను గారూ, మీలాంటి వాళ్లు ఇస్తూ పోబట్టే ఆ రేటు అలా నిలబడింది, ఏమీ అనుకోకండి.

అమ్మా, నేను డిస్కమ్‌లో ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా, చేసి రిటైరయ్యాను. ఫీజిబిలిటీ రిపోర్టులు చాలానే రాశాను. ఇప్పుడు మీ విషయంలో ఆ రిపోర్టే అక్కర్లేదు. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలని కేంద్రం 2020 డిసెంబరులో తెచ్చింది, వాటిని 2024 ఫిబ్రవరిలో సవరించింది. 10 కిలోవాట్ల దాకా రూఫ్‌టాప్ సోలార్ దరఖాస్తు అన్ని కాగితాలతో సరిగ్గా ఉంటే, టెక్నికల్ ఫీజిబిలిటీ చూడకుండానే ఆమోదించినట్టు లెక్క. దానికి తగ్గట్టు శాంక్షన్డ్ లోడ్ పెంచాల్సి వస్తే ఆ పని డిస్కమ్‌దే. ఇక 5 కిలోవాట్ల లోపు అయితే ట్రాన్స్‌ఫార్మర్ సహా లైను బలోపేతం చేసే ఖర్చు కూడా డిస్కమ్‌దే. మీరు 3 అంటున్నారు కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ పేరు చెప్పి మీ దగ్గర ఒక్క రూపాయి అడగడానికి లేదు. లోడ్ పెరిగాక మాత్రం కిలోవాట్‌కి ఇంతని నెలనెలా వేసే ఫిక్స్‌డ్ చార్జీ కాస్త పెరుగుతుంది, అది బిల్లులోనే కనిపిస్తుంది. ప్యానెళ్లు బిగించి సర్టిఫికెట్ ఇచ్చిన తర్వాత అగ్రిమెంటు, మీటరు, కనెక్షన్ అన్నీ 15 రోజుల్లో అవ్వాలి. ఇదివరకు 30 రోజులు ఉండేది.

హక్కు సంగతి అది. కానీ అసలు మీకు 3 కిలోవాట్లు ఎందుకో నాకు అర్థం కాలేదు. మన రాష్ట్రంలో 2022 నుంచి నడుస్తున్న ఇంటి స్లాబులు చూడండి: మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75. మీ 340 యూనిట్లకి ఎనర్జీ చార్జీ ఒక్కటే 2,023 రూపాయలు. ఒక కిలోవాట్ రోజుకి సగటున 4 యూనిట్లు ఇస్తుందనుకుంటే 2 కిలోవాట్లకి నెలకి 240. బిల్లులో మిగిలేది 100 యూనిట్లు, అంటే 304 రూపాయలు. సోలార్ యూనిట్ ముందు 8.75 స్లాబుని కొట్టేస్తుంది, తర్వాత 6ని, చవక స్లాబులు చివర్లో మిగులుతాయి. కాబట్టి మొదటి 2 కిలోవాట్లు నెలకి 1,700 పైన ఆదా చేస్తే, మూడోది 300 చేస్తుంది. సబ్సిడీ కూడా అలాగే ఉంది: మొదటి రెండింటికి 30 వేల చొప్పున 60 వేలు, మూడోదానికి 18 వేలే. వెండర్‌ని మూడో కిలోవాట్‌కి విడిగా ఎంత వేస్తున్నావని అడిగి, అందులో 18 వేలు తీసేసి, మిగతాది నెలకి 300 చొప్పున ఎన్నేళ్లకి తేలుతుందో మావారికి చూపించండి... అదే, మీవారికి. 2 అయితే లోడ్ పెంచే గొడవే ఉండదు.

వెండర్లందరూ 3 అనే ఎందుకంటారంటే, బోర్డు మీద 78 వేలు అని రాసుకోవచ్చు కాబట్టి.

మంగళగిరి_బాబ్జీ:
లెక్క బాగుంది సార్, కానీ రేపు ఏసీ కొంటే? మళ్లీ ఇంకో కిలోవాట్ కోసం అతన్నే పిలవాలి కదా.

కోడలు గారూ, కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుంది. ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్, అంటే వీధి లైన్‌కి కలిపి ఉండేది, లైన్‌లో కరెంటు లేకపోతే తనే ఆఫ్ అయిపోతుంది. లేకపోతే స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కి మీ డాబా మీది కరెంటు కొడుతుంది. ఇంట్లో పాత బ్యాటరీ ఇన్వర్టర్ ఉంటే అమ్మేయకండి.

తెనాలి_కోడలు:
ఆ ఫ్యాన్ల ముక్క వెండర్ మాకు చెప్పనే లేదు! ఏఈ గారూ, చాలా థాంక్స్ అండీ. ఏసీ ఒకటి ఉంది, పైన గది వేస్తే ఇంకోటి కొంటాం, అది వచ్చే ఏడాది మాట. 3 అనుకుంటే డబ్బు అడగకుండా పని జరగాలంటే ఎవరికి రాయాలి? మామగారి పేరున ఉంది కాబట్టి ఆయనే సంతకం పెట్టాలా?

పాత_ఏఈ:
రెండో ఏసీ ఖాయమైతే బాబ్జీ గారి మాట సరే, 3 వేయించండి. గాలిలో ఉన్న గది కోసమైతే వద్దు.

సర్వీసు ఎవరి పేరున ఉంటే దరఖాస్తు వారి పేరునే, సబ్సిడీ కూడా మామగారి బ్యాంకు ఖాతాకే వస్తుంది. పోర్టల్‌లో మీరే మీ ఇంట్లో కూర్చుని చేయండి, ఓటీపీ వెండర్‌కి చెప్పకండి. డబ్బు అడిగితే ఏ పద్దు కిందో కాగితం మీద రాసిమ్మనండి, సాధారణంగా అక్కడే ఆగిపోతారు. డిస్కమ్ వైపు నుంచే ఆలస్యమైతే సెక్షన్ ఆఫీసులో లెటర్ ఇచ్చి, మీ కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. అప్పటికీ కదలకపోతే 2003 విద్యుత్ చట్టం 42వ సెక్షన్ కింద ప్రతి డిస్కమ్‌కీ వినియోగదారుల ఫిర్యాదుల ఫోరం ఉంటుంది, లాయరు అక్కర్లేదు. అక్కడ న్యాయం జరగకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

కొటేషన్ వచ్చాక జీఎస్టీ గడి కూడా చూడండి. సోలార్ సామాను మీద 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం పోయి 5 శాతం అయింది. ప్యానెళ్లు మన దేశపు సెల్స్‌తో చేసినవి కాకపోతే సబ్సిడీ రాదు, డీసీఆర్ అని రాసి ఉండాలి. ఐదేళ్ల మెయింటెనెన్స్ వెండర్ బాధ్యత, అగ్రిమెంటులో ఆ లైను ఉందో లేదో చూశాకే మామగారి చేత సంతకం పెట్టించండి.