సమస్యాపూరణం: పుట్టకే తల్లిఁ బ్రతికించెఁ బుడుతఁ డొకఁడు

నిర్వాహకులు: తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. యతి నాలుగో గణం మొదటి అక్షరం. ఈసారి విషయం ఓడదొంగలైన ఆన్ బోనీ, మేరీ రీడ్. 1720 నవంబరు 28న జమైకాలోని స్పానిష్ టౌన్‌లో ఇద్దరికీ ఉరిశిక్ష పడింది. గర్భవతులమని చెప్పుకోవడంతో శిక్ష ఆగింది. వాళ్ల నాయకుడు రాకమ్‌ను పదిరోజుల ముందే ఉరితీశారు.

పూరణ 1
కత్తి పిస్తోలు కరమునఁ గలిగినట్టి
మేరి రీడుకు నురితాడు మెడఁ దగులక
చెరను విడిపించి స్వేచ్ఛకుఁ జేర్చెఁ గాదె
పుట్టకే తల్లిఁ బ్రతికించెఁ బుడుతఁ డొకఁడు

విమర్శ: గణాలు, యతులు సరిపోయాయండీ. మొదటి పాదం చాలా బాగుంది, డొరొతీ థామస్ సాక్ష్యంలో ఉన్నది అదే: మగవాళ్ల కోట్లు, పొడవాటి లాగులు, తలకు రుమాళ్లు, చేతిలో కత్తీ పిస్తోలూ. మూడో పాదమే చరిత్రకు విరుద్ధం. మేరీ 1721 ఏప్రిల్లో చెరలోనే పోయింది. ఇలా మార్చి చూడండి:
చెరను ప్రాణాలు జ్వరమునఁ జెదరు వఱకు
ఇప్పుడు 'బ్రతికించె' అన్నదానికి హద్దు ఏర్పడి, సమస్య ఇంకా బిగుస్తుంది.

పూరణ 2 (మొదటి పాదమే)
మగని వలెఁ బోరి యున్నచో నురి యదేల

విమర్శ: 'మ'కు 'ను' యతి చెల్లదమ్మా. 'మరణ మేల' అంటే సరిపోతుంది, గణాలూ చెడవు. అయితే రాకమ్‌ను ఆన్ ఇలా ఎత్తిపొడిచిందన్న మాట 1724లో లండన్‌లో వచ్చిన పుస్తకంలోది. 1721లో జమైకాలో అచ్చయిన విచారణ ప్రతిలో లేదు. జనం నోట నిలిచింది మాత్రం ఇదే. కాబట్టి పద్యంలో 'అందురు' అని చేర్చి వాడుకోండి. సాక్షి చెప్పినదాన్ని, కథకుడు అల్లినదాన్ని ఒకే గాటన కట్టకూడదు.

పూరణ 3
ఓడదొంగలఁ దీర్పరి యురికిఁ బంప
గర్భవతి నంచుఁ బలుకంగ గడు వొసంగె
నాను బోనికిఁ గాన్పగు నంతదాఁక
పుట్టకే తల్లిఁ బ్రతికించెఁ బుడుతఁ డొకఁడు

విమర్శ: భేష్! ఆనాటి ఇంగ్లీషు చట్టాన్ని సరిగ్గా పట్టారు. అది శిక్ష రద్దు కాదు, వాయిదా. కాన్పయ్యాక మళ్లీ ఉరితీయవచ్చు. కడుపులో ఉన్నంతసేపే ఆ బిడ్డ కాపు, 'పుట్టకే' అన్న మాటకు అసలు బలం అక్కడుంది. పైగా ఆన్‌ను తర్వాత ఉరితీసినట్టుగానీ విడిచిపెట్టినట్టుగానీ కాగితం దొరకలేదు. మీరు 'కాన్పగు నంతదాఁక' దగ్గరే ఆగారు, అదే సరైన చోటు.