గుండె కోసం పుట్టిన సిల్డెనాఫిల్‌ను గుండె రోగులకే ఎందుకు వద్దంటరు?

ఓరుగల్లు_బీఫార్మ్:
అన్నలూ, సిల్డెనాఫిల్‌ను (వయాగ్రా గోలీల ఉండే మందు) ముందుగాల ఛాతీనొప్పికే తయారు చేసిండ్రని పుస్తకంల ఉంది. ఛాతీనొప్పికి నాలుక కింద సార్బిట్రేట్ గోలీ పెట్టుకునేటోళ్లకు ఇయ్యొద్దని గూడ అండ్లనే ఉంది. ఈ రెండు ఎట్ల పొసగుతయ్? దీనికంటె ముందు అంగస్తంభన సమస్యకు మందే లేకుండెనా? వైవాల (నోటి పరీక్షల) అడుగుతరట.

కాజీపేట_కెమిస్ట్:
తమ్మీ, రెండింటికీ మూలం ఒక్కటే. రక్తనాళంలో నైట్రిక్ ఆక్సైడ్ విడుదలైతే సైక్లిక్ జీఎంపీ తయారైతది. దాంతో గోడ కండరం వదులైతది. పీడీఈ-5 అనే ఎంజైమ్ ఆ జీఎంపీని ఎప్పటికప్పుడు విరగ్గొడుతుంటది. ఇంగ్లండ్‌లోని శాండ్‌విచ్‌లో ఫైజర్ కంపెనీవాళ్లు 1989లో యూకే-92480 అనే నంబరుతో తయారు చేసిన పదార్థం ఈ ఎంజైమ్‌ను ఆపుతది, అదే సిల్డెనాఫిల్. గుండె నాళాలు వెడల్పైతయని వాళ్ల లెక్క.

సార్బిట్రేట్ నైట్రేట్ జాతి మందు. అది ఏం చేస్తది? నైట్రిక్ ఆక్సైడ్‌నే పెంచుతది. చెరువు లెక్కన చూడు: నైట్రేట్ పైనుంచి వరద వదుల్తది, సిల్డెనాఫిల్ కింద తూము మూస్తది. కట్ట ఆగుతదా? బీపీ ఒక్కసారే పడిపోతది.

ఛాతీనొప్పికి అది అనుకున్నంత పనిచెయ్యలే. ఒంట్లో సగం తగ్గడానికి 4 గంటలే పడుతది కాబట్టి రోజుకు మూడుసార్లు మింగాలె, పైగా నైట్రేట్లతో ఈ పేచీ. 1990ల మొదట్లో ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లకు రోజుల తరబడి ఇచ్చి చూస్తే తలనొప్పి, అజీర్తి, కండరాల నొప్పుల పక్కన అంగస్తంభన గూడ రాసుకోవాల్సొచ్చింది. ఇది ఉత్త అదృష్టమని కొందరంటరు, నేను ఒప్పుకోను. అంగంలో నరాల నుంచి నైట్రిక్ ఆక్సైడ్ వస్తదని అదే కాలంలో తేలకపోతే అది దుష్ప్రభావాల జాబితాలోనే పడి ఉండేది. అమెరికాల మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 1998 మార్చి 27న దీన్ని అంగస్తంభన మందుగ అనుమతిచ్చింది. నైట్రిక్ ఆక్సైడ్ మీద పనికి ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ వచ్చింది గూడ ఆ ఏడే.

వైవాల తిప్పి అడిగేది ఇది: కోరిక పుట్టకుంటే నైట్రిక్ ఆక్సైడ్ రాదు, అప్పుడు గోలీ మింగినా లాభం లేదు. ఇది కోరిక పెంచే మందు కాదు.

హనుమకొండ_ఫార్మకాలజీ:
ముందు మందు లేకపోవుడేంది? సూది ఉండె. ఫ్రాన్స్‌లో విరాగ్ అనే డాక్టర్ 1982లో రక్తనాళాలను వదులు చేసే పాపావెరిన్‌ను నేరుగా అంగంలోకి ఇచ్చి చూపించిండు. మరుసటేడు లాస్ వేగాస్‌లో బ్రిండ్లీ అనే శాస్త్రవేత్త ఇట్లాంటి సూదే తనకు పొడుచుకొని వచ్చి, యూరాలజిస్టుల సభలోనే ఫలితం చూపించిండు. ఆల్ప్రోస్టాడిల్ సూదికి 1995లో అనుమతి దొరికింది.

సూది పక్క నుంచే పొడవాలె. పైన నడుమ నరాలు, రక్తనాళాలు, కింద మూత్రనాళం ఉంటయ్. తీసినంక 5 నిమిషాలు ఒత్తి పట్టాలె, లేకుంటే రక్తం గడ్డకట్టి ఉబ్బుతది. పాపావెరిన్ పదే పదే వాడితే లోపల కండ గట్టిపడుతది. స్తంభన 4 గంటలు దాటినా తగ్గకుంటే పొద్దటిదాక చూడొద్దు, దవాఖానకు పోవాలె. అక్కడ నిలిచిన రక్తం గుంజి, నాళాలను ముడుచుకునేటట్టు చేసే ఫినైలెఫ్రిన్ ఇస్తరు.

కాజీపేట_కెమిస్ట్:
అవును, సూదులు మరిచిన. కౌంటర్ మీద పనికొచ్చేవి: సిల్డెనాఫిల్ మామూలుగా 50 మి.గ్రా., గంట ముందు, రోజుకు ఒక్కసారే. 65 ఏండ్లు దాటితే 25తో మొదలు. నూనె తేలే బిర్యానీ మీద మింగితే గంట ఆలస్యమైతది, గోలీ పనిచెయ్యలేదని ఇంకోటి మింగుతరు, అక్కడ్నే తప్పు జరుగుతది. చూపు నీలంగా కనబడితే కంటిలోని పీడీఈ-6 అనే అదే జాతి ఎంజైమ్‌ను గూడ కొంత ఆపినట్టు. 2003లో వచ్చిన ఇదే జాతి మందు టడాలాఫిల్‌కు తిండితో పేచీ లేదు. కాని అది 17.5 గంటలకు గాని సగం తగ్గదు. టాంసులోసిన్ లాంటి ప్రోస్టేట్ మందులు వాడేటోళ్లకు బీపీ పడుతది, తక్కువ మోతాదుతో మొదలుపెట్టాలె.

మనకాడ 2005 దాక మందు పదార్థానికి పేటెంట్ లేకుండె, తయారీ పద్ధతికే ఉండె. అందుకే దేశీ గోలీలు తొందరగ వచ్చినయ్. మూలికల పొడి అని అమ్మేదాంట్ల గూడ సిల్డెనాఫిల్ కలిపి పట్టుబడ్డ సరుకు ఉంటది. అది తినేటోనికి తను ఏం మింగుతున్నడో తెల్వదు.

ఓరుగల్లు_బీఫార్మ్:
మస్తు అర్థమైంది అన్నా. మరి గోలీ మింగినంక ఛాతీనొప్పి వస్తే?

హనుమకొండ_ఫార్మకాలజీ:
నాలుక కింద సార్బిట్రేట్ పెట్టొద్దు. సిల్డెనాఫిల్ మింగితే 24 గంటలు, టడాలాఫిల్ అయితే 48 గంటలు. ఛాతీనొప్పికే ఇచ్చే నికోరాండిల్‌కు గూడ ఇదే లెక్క. 108కు ఫోన్ చేసి, ఏ గోలీ ఎన్ని గంటలకు మింగిండో సిగ్గుపడకుండ ముందుగాల చెప్పాలె.