‘హౌస్‌హోల్డ్’ అంటే కుటుంబమేనా?

ప్రశ్న: 2027 జనగణన వస్తోంది కదా, మా మిత్రులం కొందరం జనాభా లెక్కల మాటలకు చిన్న తెలుగు పదకోశం తయారు చేస్తున్నాం. ‘హౌస్‌హోల్డ్’ దగ్గర ఆగిపోయాం. ఫారాల్లో, పత్రికల్లో దాన్ని ‘కుటుంబం’ అని రాస్తున్నారు. ‘ఫ్యామిలీ’ని కూడా కుటుంబమే అంటాం. రెండిటికీ ఒకే మాట వాడితే ఇబ్బందేమైనా ఉందా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: ఉందండీ, చాలానే ఉంది. సెన్సస్ నిర్వచనం ముందు చూడండి. మామూలుగా కలిసి ఉంటూ, ఒకే వంటింట్లో వండింది తినేవాళ్లంతా ఒక హౌస్‌హోల్డ్. పని వల్ల ఎవరైనా బయట తినాల్సి వచ్చినా లెక్క మారదు. ఇందులో చుట్టరికం ఊసే లేదు. అమీర్‌పేటలో గది తీసుకుని, వంతులేసుకుని వండుకునే నలుగురు కుర్రాళ్లు ఒక హౌస్‌హోల్డ్. అదే గదిలో ఎవరి తిండి వాళ్లు చూసుకుంటే ఆ నలుగురినీ ఒకటిగా రాయకూడదు. పిల్లలు దూరాన ఉండి, ఒక్కతే వండుకు తినే పెద్దావిడ కూడా ఒక హౌస్‌హోల్డే. హాస్టళ్లు, జైళ్లు, ఆశ్రమాల్లాంటివి ‘ఇన్‌స్టిట్యూషనల్ హౌస్‌హోల్డ్’ కిందికి వస్తాయి. దాన్ని ‘సంస్థాగత కుటుంబం’ అని రాస్తే జైలు గురించి చెబుతున్నారని ఎవరికి తడుతుంది?

ఇప్పుడు ఇంకో మాట, ‘సెన్సస్ హౌస్’. దీనికి గుర్తు వాకిలి. వీధిలోంచో, ఉమ్మడి ముంగిట్లోంచో, మెట్లమీంచో విడిగా ప్రధాన ద్వారం ఉండి, విడి భాగంగా వాడుకలోనో, గుర్తింపులోనో ఉంటే అది ఒక సెన్సస్ హౌస్. మనుషులు ఉండాలనేం లేదు. దుకాణం, బడి, తాళం వేసిన ఇల్లు, అన్నీ వస్తాయి. మన ఊళ్లలో ‘మూడొందల గడప ఉన్న ఊరు’ అంటారు చూశారా, ఆ లెక్కకు ఇది బాగా దగ్గర.

ఒకే గడపలో అన్నదమ్ములు వేరుపడి, ఒకరు వంటింట్లో, ఒకరు వసారాలో వండుకుంటే హౌస్‌హోల్డులు రెండు. ఈ స్థితిని మనవాళ్లు ‘వేరు కుంపటి పెట్టుకున్నారు’ అంటారు. పార్టీలు చీలినప్పుడు పత్రికలు రాసేదీ ఇదే మాట. అంటే ఇంటిని వాకిలితోనూ, ఇంట్లో మనుషులను పొయ్యితోనూ లెక్కపెట్టడం మనకు కొత్త కాదు. పదకోశంలో ఆ గడపా, ఆ పొయ్యీ కనబడాలని నా కోరిక.

ఇదేదో పండితుల పట్టింపు అనుకోకండి. 2014 ఆగస్టు 19న తెలంగాణలో ఒక్కరోజులో ‘సమగ్ర కుటుంబ సర్వే’ చేశారు. హైదరాబాద్‌లో ఏళ్లుగా ఉంటున్నవాళ్లు కూడా సొంతూళ్లకు బయల్దేరారు, బస్సులూ రైళ్లూ కిటకిటలాడాయి. పేరు లేకపోతే పథకాలు పోతాయేమో అన్న భయం ఒక కారణం, కాదనను. అయితే ‘కుటుంబ సర్వే’ అని వినగానే అమ్మానాన్నలున్న ఊరు గుర్తుకు రావడం కూడా సహజమే కదా. నగరంలో తాము రోజూ అన్నం తింటున్న గది గుర్తుకు రావాలంటే పేరులోనే ఆ సూచన ఉండాలి.

ఇంకో జవాబు: ‘కాపురం’ అనొచ్చేమో చూడండి. ‘ఆ మేడలో మూడు కాపురాలున్నాయి’ అని మా గోదావరి వైపు ఇప్పటికీ అంటారు.

ప్రశ్న అడిగినవారు: కాపురం అంటే మొగుడూ పెళ్లాలే గుర్తొస్తారు కదండీ. బ్రహ్మచారుల గదికి ఎలా నప్పుతుంది?

జవాబు: ‘కాపురం’ చాలా మంచి సూచన. ‘పట్నంలో కాపురం ఉంటున్నాడు’ అన్నప్పుడు పెళ్లి సంగతి ఎవరూ అడగరు. ముసలావిడ ఒక్కతే కాపురం ఉంటోందని అంటాం. అంతకన్నా ముఖ్యమైనది, ఇల్లులేని వాళ్లకూ ఈ మాట నప్పుతుంది. సెన్సస్ వాళ్లు రోడ్ల పక్కన, హ్యూమ్ పైపుల్లో, ఫ్లైఓవర్ల కింద, రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఉండేవాళ్లను విడిగా రాస్తారు. 2011లో ఫిబ్రవరి 28 రాత్రి లెక్కపెట్టింది వాళ్లనే. అక్కడ గడప లేదు, కాపురం ఉంది. ‘చెట్టు కింద కాపురం’ అన్న మాట మనకు ఉండనే ఉంది. జైలుకూ హాస్టల్‌కూ మాత్రం నప్పదు, వాటికి ‘సంస్థా నివాసం’ అని వేరే పెట్టుకోవచ్చు.

మీ కోశం అమరిక గురించి ఒక మనవి. ఐక్యరాజ్యసమితి 1958లో జనాభా శాస్త్రానికి బహుభాషా నిఘంటువు ప్రచురించింది. అది అకారాది క్రమంలో ఉండదు. విషయం వారీగా పేరాలుంటాయి, ప్రతి భావనకూ ఒక నంబరు. ఏ భాషలో తెరిచినా ఆ నంబరు దగ్గర అదే భావన. ఇంగ్లీషు ‘ఫెర్టిలిటీ’, ఫ్రెంచి ‘ఫెర్టిలితే’ చూడ్డానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి, అర్థాలు మాత్రం వేరు. మొదటిది నిజంగా పుట్టిన పిల్లల లెక్క, రెండోది పిల్లలు పుట్టగల శక్తి. మాటకు మాట పెట్టుకుంటూ పోతే ఇలాంటివి పట్టుబడవు. మీరూ ముందు భావన రాసి, తర్వాత తెలుగు మాట పెట్టండి.

‘కల్టివేటర్’ దగ్గర ఈ జాగ్రత్త బాగా అవసరం. ‘రైతు’ అని రాసేస్తే పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాడు అనుకుంటారు. సెన్సస్ లెక్కలో డబ్బుకో, ధాన్యానికో, పంటలో వాటాకో భూమి తీసుకుని సాగుచేసే కౌలుదారు కల్టివేటరే. భూమి కౌలుకిచ్చేసి, సాగును పైనుంచి కూడా చూసుకోని యజమాని కాడు. ‘సాగుదారు’ అనండి. ఇక ‘అక్షరాస్యులు’ మాట మార్చక్కర్లేదు, నిర్వచనం ఇస్తే చాలు. ఏడేళ్లు నిండి, ఏదైనా ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం రెండూ రావాలి. చదవడం ఒక్కటే వస్తే లెక్కలోకి రారు.

మరొకరు: ‘మాతృభాష’ సంగతి కూడా చెప్పండి. మాది హోసూరు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం.

జవాబు: ఆ మాటను సెన్సస్ ఉన్నదున్నట్టే తీసుకుంటుంది. చిన్నప్పుడు మీ అమ్మ మీతో మాట్లాడిన భాష మీ మాతృభాష. పసితనంలోనే తల్లి పోతే, అప్పుడు ఇంట్లో ఎక్కువగా మాట్లాడిన భాష. బడి ఏ భాషలో, రాత ఏ లిపిలో అన్నది పట్టింపు కాదు. ఒకే ఇంట్లో కోడలికి ఒకటి, అత్తగారికి ఒకటి ఉండొచ్చు, ఎవరిది వారికే రాయాలి. 2011లో తెలుగు మాతృభాషగా దాదాపు 8.1 కోట్ల మంది రాయించుకున్నారు. మీలా సరిహద్దు ఊళ్లవాళ్లూ వలసవెళ్లినవాళ్లూ ఆ లెక్కలో ఉన్నారు. తమిళాన్ని వదులుకోనక్కర్లేదు. వచ్చిన ఇతర భాషలు రెండింటి దాకా చెప్పే వరుస అప్పుడు విడిగా ఉంది. లెక్కలు రాసేవాళ్లు వచ్చినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లను ఒక్కొక్కరినీ అడిగి చెప్పండి.