చైల్డ్‌మైండర్లకు ప్రారంభ గ్రాంటు: కొత్తవారికి డబ్బిస్తే చాలా, పాతవారి సంగతేమిటి?

బర్మింగ్‌హామ్ కోడలు:
ఇంగ్లండులో తమ ఇంట్లోనే పిల్లలను చూసుకునే చైల్డ్‌మైండర్ల సంఖ్య పదేళ్లలో సుమారు సగానికి పడిపోయింది. పెంచడానికని 2023 మార్చి బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి జెరెమీ హంట్ ప్రారంభ గ్రాంటు ప్రకటించారు. పిల్లల సంరక్షణను తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ ఆఫ్‌స్టెడ్‌లో నేరుగా నమోదైనవారికి 600 పౌండ్లు, దాని బదులు చైల్డ్‌మైండర్లను నమోదు చేసుకునే ప్రైవేటు ఏజెన్సీ ద్వారా నమోదైనవారికి 1,200. ఏళ్ల తరబడి ఈ పని చేస్తున్నవారికి మాత్రం పైసా లేదు! చిల్లికుండలో నీళ్లు పోయడమే ఇది. ఐదేళ్లలోపు పిల్లలను మామూలుగా ముగ్గురికి మించి తీసుకోకూడదు, వారిలో ఏడాది నిండనివారు ఒక్కరే ఉండాలి. ఆదాయానికి అక్కడే కళ్లెం పడింది. ఉచిత సంరక్షణకు ప్రభుత్వం గంటకు కట్టే రేటు సరిపడా పెంచకుండా గుమ్మంలో స్వాగతం పలికితే ఎంతకాలం నిలుస్తారు?

స్లవ్ వాసి:
కోడలు గారూ, 600 పౌండ్లను అంత తేలిగ్గా తీసిపారేయకండి. నేను నిరుడు నమోదయ్యాను. పసిపిల్లల ప్రథమ చికిత్సలో 12 గంటల శిక్షణ, డాక్టరు సంతకంతో ఆరోగ్య పత్రం, బీమా, మెట్లకు గేటు, అన్నీ సొంత డబ్బే. ఇంట్లో 16 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ నేర చరిత్ర తనిఖీ ఉండాలి కదా, గుడికి తప్ప గడప దాటని మా అత్తగారికీ చేయించాం. "నేనేం దొంగతనం చేశానే?" అని ఆవిడ వారం రోజులు మాట్లాడలేదు. మీ మాటలో ఒకటి ఒప్పుకుంటాను. గ్రాంటు చేతికొచ్చేది నమోదు పూర్తయ్యాకే. ముందు ఖర్చు పెట్టలేని ఇల్లాలు ఆ గుమ్మం దాకా రానే రాలేదు.

పన్ను కట్టేవాడు:
ఏజెన్సీకి రెట్టింపు ఎందుకో ఎవరైనా చెప్పండి. నాటి ప్రధాని రిషి సునాక్ భార్య అక్షతా మూర్తికి అలాంటి ఒక ఏజెన్సీలో వాటాలుండేవి. ఆ సంగతి ఆయన పార్లమెంటరీ కమిటీ ముందు చెప్పలేదు. నియమావళి ఉల్లంఘన జరిగిందనీ, కావాలని చేసింది కాదనీ ప్రమాణాల కమిషనర్ 2023 ఆగస్టులో తేల్చారు. సరే, ఆయన ఉద్దేశం ఏదైనా కానివ్వండి, ప్రజాధనంతో ప్రైవేటు ఏజెన్సీల వైపు జనాన్ని తోలడం నాకు మింగుడు పడదు.

లెస్టర్ లక్ష్మి:
కాగితాల పనికి భయపడేవాళ్లకు ఏజెన్సీయే నయమండి. సందేహం వస్తే అడగడానికి ఒక మనిషి ఉంటారు. ఆఫ్‌స్టెడ్ తనిఖీ చేసేది కూడా ఏజెన్సీనే, ప్రతి ఇంటినీ విడిగా కాదు. ఆ నిశ్చింతకు విలువ లేదా?

బర్మింగ్‌హామ్ కోడలు:
లక్ష్మి గారూ, ఆ నిశ్చింతకు మీరు రుసుము కడుతూనే ఉంటారు. గ్రాంటు ఒక్కసారే, రుసుము ఎల్లకాలం. పైగా ఆఫ్‌స్టెడ్ ఇంటింటి తనిఖీ లేకపోవడం తల్లిదండ్రులకు నిశ్చింత ఎలా అవుతుంది? నా బిడ్డను వదిలే ఇంటిని ఏజెన్సీ మనిషే కాదు, ఆఫ్‌స్టెడ్ కూడా చూసి రావాలనే నేను కోరుకుంటాను.

స్లవ్ వాసి గారు చెప్పిన ముందు ఖర్చు విషయంలో వారితో ఏకీభవిస్తాను. శిక్షణ, తనిఖీల రుసుములు ప్రభుత్వమే నేరుగా కట్టి, మిగిలినదాన్ని రెండో ఏడాది కూడా పనిలో ఉన్నవారికి ఇస్తే సబబుగా ఉండేది.

స్లవ్ వాసి:
ఇంకో చిక్కు. నా దగ్గరికి వచ్చేవారిలో సగం మంది వర్క్ వీసా మీద ఉన్న తెలుగువాళ్లే. భార్యాభర్తల్లో ఏ ఒక్కరికీ ప్రభుత్వ నిధులు పొందే హక్కు లేకపోతే, పనిచేసే తల్లిదండ్రులకు తొమ్మిది నెలలు నిండిన పిల్లల కోసం వారానికి 30 గంటల ఉచిత సంరక్షణ ఇచ్చే పథకం వారికి వర్తించదు. మూడేళ్లు నిండని పిల్లలకైతే పూర్తి ఫీజు వాళ్ల జేబు నుంచే. రేటు పెంచమని నేను వాళ్లను ఏ మొహంతో అడగను? ఇక మా చెల్లెలికి ఆ హక్కు ఉన్నా, ఆమె బాబును నేను చూసుకుంటే ఆ గంటలకు ప్రభుత్వం డబ్బివ్వదు, బంధువు కనుక. పక్కింటి బాబుకైతే ఇస్తుంది.